కళావంతుల పదం: నేర్పే హక్కు, నేర్పకుండా ఉండే హక్కు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో మనకు పంచిన కాగితాల్లో ఒక ప్రతిపాదన ఉంది. గోదావరి జిల్లాల్లో కళావంతుల కుటుంబాలకు చెందిన వృద్ధ స్త్రీల చేత, అవే కుటుంబాల ఆడపిల్లలకు పదాలు, జావళీలు, అభినయం నేర్పించాలని అందులో రాశారు. ఆరు నెలల శిక్షణ, చివర ఒక ప్రదర్శన. "అంతరించిపోతున్న కళను కొత్త తరానికి అందించడం" దాని ఉద్దేశం. దీని గురించి నన్ను మాట్లాడమన్నారు.

ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. అయితే ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చదవండి. కళ తనంతట తానే అంతరించిపోతున్నట్టు, దాన్ని అందించడానికి మనం వెళ్తున్నట్టు ఉంది. దాన్ని ఆపినవాళ్ళు ఎవరో అందులో లేదు. దాచుకున్నవాళ్ళు ఎందుకు దాచుకున్నారో కూడా లేదు.

మనలో చాలామందికి కళావంతులంటే మొదట గుర్తొచ్చేది కన్యాశుల్కంలో మధురవాణి. 1897లో అచ్చయిన ఆ నాటకంలో గురజాడ ఆమెకు ఇచ్చిన తెలివితేటల్ని మెచ్చుకుంటాం గానీ, ఆమెకు సంగీతం ఎవరు నేర్పారు, ఎన్నేళ్ళు నేర్చుకుంది అని అడగం. అదొక వృత్తి. దానికి శిక్షణ ఉంది, ఆస్తి ఉంది, వారసత్వం ఉంది. ఆ వారసత్వం ఆడవాళ్ళ గుండా నడిచింది. తల్లి నుంచి కూతురికి, పెంచుకున్న పిల్లకి, మేనకోడలికి. గుళ్ళలో సేవ చేసేవారికి మాన్యాలుండేవి. పెళ్ళిళ్ళలో, జమీందారుల ఇళ్ళల్లో మేజువాణీలు జరిగేవి. ఇందులో దోపిడీ లేదని నేను అనడం లేదు. డబ్బున్న మగవాడి మీద ఆధారపడటం ఉంది, చిన్నపిల్లల జీవితాన్ని వాళ్ళనడగకుండానే నిర్ణయించడం ఉంది. స్త్రీవాదులుగా మనం ఈ విషయాన్ని తగ్గించి చెప్పాల్సిన పని లేదు. అదే ఊపులో ఆ ఇళ్ళల్లో ఉన్న విద్యను కూడా ఊడ్చిపారేశాం. నా అభ్యంతరం అక్కడ.

రాజమండ్రిలో వీరేశలింగం గారు, ఆ తర్వాత మద్రాసులో ఎందరో, మేజువాణీలకు వెళ్ళొద్దని మగవాళ్ళకు చెప్పారు. వెళ్ళినవాడు మర్యాదగల మగవాడిగానే మిగిలిపోయాడు. ఆడినావిడ మాత్రం సంఘం దృష్టిలో మచ్చ అయింది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. పిల్లల్ని దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించిన ఆ చట్టమే దేవాలయంలోనూ, దేవుడి ఊరేగింపులోనూ స్త్రీ నాట్యం చేయడం చట్టవిరుద్ధమని కూడా అన్నది. చట్టంలో రాసింది "స్త్రీ" అనే అయినా, దెబ్బ తగిలింది ఈ ఇళ్ళకే. 1956లో వచ్చిన సవరణ పెళ్ళిళ్ళలో ఆడటాన్ని కూడా ఆపేసింది. ఒక వృత్తిని నేరంగా ప్రకటించి, ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు వేరే బతుకుతెరువు చూపించకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ముత్తులక్ష్మీరెడ్డి గారి తల్లి ఆ కుటుంబాల నుంచే వచ్చింది. ఆమె పోరాటంలోని ఆవేదన నాకు అర్థమవుతుంది. ఆ బిల్లుల్ని వ్యతిరేకిస్తూ దేవదాసీలే పెట్టుకున్న అర్జీలు కూడా చరిత్రలో భాగమే. వాటిని మన శిక్షణా తరగతుల్లో ఎప్పుడైనా చదివామా?

అదే కాలంలో ఇంకొకటి జరిగింది. 1930లలో మద్రాసులో సదిరు భరతనాట్యమైంది, పెద్దకులాల ఆడపిల్లలు వేదిక ఎక్కారు. మన దగ్గర కూచిపూడి రాష్ట్రానికి ప్రతినిధి నాట్యమైంది. కూచిపూడి అగ్రహారంలో ఆడవేషాలు కట్టింది బ్రాహ్మణ మగవాళ్ళు. కళావంతుల స్త్రీలు కూడా భామాకలాపం, గొల్లకలాపం ఆడేవారు. (గొల్లకలాపంలో ఒక గొల్లభామ బ్రాహ్మణుడితో వాదానికి దిగి, పిండోత్పత్తి నుంచి యజ్ఞం దాకా ప్రశ్నిస్తుంది. వేశ్య అని ఊరు పేరు పెట్టిన స్త్రీ ఆ వాదన చేస్తుంటే చూసినవాళ్ళకు ఎలా ఉండేదో నేను తరచు ఊహించుకుంటాను.) ఆడది ఆడితే తప్పయింది, ఆడదానిలా మగవాడు ఆడితే శాస్త్రీయమైంది. ఇప్పుడు అమెరికాలో తెలుగువాళ్ళ పిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు, సంతోషమే. కానీ పెద్దాపురంలోనో ముమ్మిడివరంలోనో ఆ ఇంటి మనవరాలు కాలికి గజ్జె కడితే ఊరు ఏమంటుందోనని తల్లి ఈరోజుకీ భయపడుతుంది.

ఇక నేర్పడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతిపాదనలో "ఇరవై పదాలు" అని అంకె వేశారు. పదాన్ని అలా లెక్కపెట్టడం కష్టం. క్షేత్రయ్య పదాన్ని పుస్తకంలో చదివితే ఒక పల్లవి, ఒక అనుపల్లవి, కొన్ని చరణాలు, అంతే. పాడటం మొదలుపెట్టేది చాలాసార్లు అనుపల్లవితో. నడక నెమ్మది. ఒక్క పాదాన్ని పది సార్లు పాడుతూ, ప్రతిసారీ దానికి వేరే అర్థాన్ని చేతితో, కంటితో చూపిస్తారు. "వచ్చావా" అన్న మాటలో ఎదురుచూపు ఉంటుంది, ఎత్తిపొడుపు ఉంటుంది, నిన్న ఎక్కడున్నావన్న నిలదీత ఉంటుంది. మొదటిసారి ఏది, నాలుగోసారి ఏది అన్నది ముందుగా రాసిపెట్టి ఉండదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళను బట్టి, గొంతు ఆరోజు ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. పాడేదీ అభినయించేదీ ఒక్క మనిషే. ఇది ముఖ్యం. ఈరోజు వేదిక మీద పాట ఒకరిది, ఒళ్ళు ఒకరిది. ఎక్కువసార్లు పాట రికార్డులోంచి వస్తుంది. రికార్డు ప్రతిసారీ ఒకేలా పాడుతుంది కాబట్టి, నాట్యం చేసే అమ్మాయి కూడా ప్రతిసారీ ఒకేలా చేయాలి. తంజావూరు వంశంలోని బాలసరస్వతి (1918-1984) వేదిక మీద తానే పాడుతూ పదం పట్టేది. సత్యజిత్ రాయ్ 1976లో ఆమె మీద తీసిన డాక్యుమెంటరీ దొరికితే చూడండి.

ఇలాంటి విద్య ఆరు నెలల్లో రాదు. ఇంట్లో పెద్దావిడ పప్పు చెరుగుతూ పాడుతుంటే విని, తప్పు పాడితే తిట్లు తిని, ఏళ్ళు గడిచాక వస్తుంది.

రెండో సంగతి, ఏ పదాలు? క్షేత్రయ్య పదాల్లో నాయిక దేవుడితో బేరమాడుతుంది, డబ్బు అడుగుతుంది, ఇంకొకరి దగ్గరకు పోయి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెడుతుంది. రామానుజన్, నారాయణరావు, షుల్మన్ 1994లో ఈ పదాల్ని ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు దేవుడు విటుడైన సందర్భాన్నే పుస్తకానికి పేరుగా పెట్టారు. మన సభల్లో మాత్రం ఇదంతా జీవాత్మ, పరమాత్మ అని చెప్పేస్తాం. పిల్లలకు నేర్పేటప్పుడు చరణాలు కత్తిరిస్తాం. ఒక స్త్రీ తన కోరికనూ తన ధరనూ తన నోటితో చెప్పడం మనకు ఇంకా ఇబ్బందిగానే ఉంది.

ముద్దుపళని విషయంలో జరిగింది మీకు తెలుసు. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ఆమె రాధికా సాంత్వనము రాసింది. పీఠికలో తన నాయనమ్మ గురించీ మేనత్త గురించీ చెప్పుకుంది. 19వ శతాబ్దంలో అచ్చేసినవాళ్ళు ఆ భాగాన్నే వదిలేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని తిరిగి చేర్చి ప్రచురిస్తే, పుస్తకాన్నే నిషేధించారు. శృంగార పద్యాలు పోవడం ఒక ఎత్తు, నేర్పిన ఆడవాళ్ళ పేర్లు పోవడం ఇంకొక ఎత్తు. నాగరత్నమ్మ స్వయంగా దేవదాసి కుటుంబంలో పుట్టింది. తెగిపోయింది ఎక్కడో ఆమెకు కనిపించింది.

నా పరిశోధన కోసం కోనసీమలో ఒక పెద్దావిడ దగ్గరకు చాలాసార్లు వెళ్ళాను. పేరూ ఊరూ చెప్పను, అది ఆమె పెట్టిన షరతు. మనవడు కాలేజీకి, కోడలు ఆఫీసుకు వెళ్ళాక వీధి తలుపు గడియపెట్టి, కుర్చీలో కూర్చునే పాడేది, చేతులతో అభినయం పట్టేది. కోడలికి ఈ సంగతి తెలియదు. ఒకరోజు అడిగాను, అమ్మాయికి ఎందుకు నేర్పలేదు మామ్మగారూ అని. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి అంది: "మా అమ్మ నాకు పాటిచ్చింది, దాంతోపాటు పేరూ ఇచ్చింది. నా కూతురికి పేరు ఇవ్వకూడదనుకున్నాను. పేరు వదిలి పాటొక్కటే ఇచ్చే దారి ఎవరైనా చూపించారా అమ్మా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధాంతం ఏమీ లేదు. కానీ నేర్పకపోవడాన్ని మనం "అవగాహన లేకపోవడం" అని నివేదికల్లో రాయడం మానేయాలి. ఆమె ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. కూతుర్ని టీచర్ని చేసింది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోమని చెప్పడం లేదు. నటరాజ రామకృష్ణ గారు 1970 ప్రాంతంలో ఈ వృద్ధ కళాకారిణుల్ని పిలిచి, వాళ్ళ దగ్గరున్నదాన్ని ఆంధ్రనాట్యంగా నిలబెట్టారు. తర్వాత స్వప్నసుందరి గారు ఈ ఇళ్ళల్లోనే నేర్చుకుని విలాసినీ నాట్యమన్నారు. వాళ్ళు లేకపోతే చాలా పోయేది. అయినా వేదిక మీద స్థిరపడింది ఎక్కువగా బయటివాళ్ళే. నేర్పిన ఇంటి పిల్లలకు దాంట్లో ఉద్యోగం రాలేదు. లాభం ఎటు పోయిందో చూడటం మన పని కదా.

ఇంకొక జాగ్రత్త. తెలంగాణ నుంచి వచ్చిన మిత్రులు నిన్న జోగినుల గురించి మాట్లాడారు. ఈ రెంటినీ ఒక గాటన కట్టొద్దు. జోగినుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. మాన్యాలు, ఆస్థానాలు వాళ్ళకు లేవు. జాతరలో ఆడటం వాళ్ళ మీద రుద్దిన చాకిరీ. 1988 చట్టం ఇద్దరికీ వర్తిస్తుంది. కళను కాపాడాలనే మాట మాత్రం అక్కడికి తీసుకువెళ్తే, అంకితాన్ని కాపాడినట్టే అయ్యే ప్రమాదం ఉంది.

ప్రతిపాదన విషయానికొస్తాను. నన్నడిగితే, ముందు ఆ ఇళ్ళ స్త్రీలతో ఒక సమావేశం పెట్టండి, పిల్లల జాబితా తయారుచేయకముందే. వద్దంటే వెనక్కి రండి. ఒప్పుకున్నవాళ్ళను "వనరుల వ్యక్తి" అని రాసి బస్సు చార్జీలిచ్చి పంపొద్దు. సంగీత కళాశాలలో అధ్యాపకులకిచ్చే జీతం లెక్కన, కనీసం మూడేళ్ళకు ఒప్పందం రాయండి. నేర్చుకునేవాళ్ళు ఆ కులం పిల్లలే కావాలన్న నియమం తీసేయండి. ఆ నియమం ఉంటే ఊళ్ళో ఎవరు ఆ తరగతికి వెళ్తున్నారో చూసి మళ్ళీ అదే ముద్ర వేస్తారు. అన్ని కులాల పిల్లలూ వచ్చి ఆవిడ ముందు కూర్చుంటే, ఆవిడ టీచరు అవుతుంది. రికార్డింగుల సంగతి కూడా రాసుకోవాలి. యూట్యూబులో ముఖం కనిపిస్తే మనవరాలి పెళ్ళి సంబంధం మీద ప్రభావం ఉంటుందని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. నా దగ్గరున్న రికార్డింగులు ఆ పెద్దావిడ మాట ప్రకారం ఎవరికీ ఇవ్వలేదు. ఆమె పోయాక ఎవరు నిర్ణయించాలో కూడా ఆమే చెప్పింది: కూతురు, కోడలు కాదు.

చివరి ప్రదర్శన అవసరమా అన్నది మాత్రం నాకు అనుమానమే. దాతలకు ఫొటోలు కావాలి, నిజమే. తలుపులు వేసుకుని పది మంది ఆడపిల్లలు ఒక పెద్దావిడ దగ్గర కూర్చోవడాన్ని వార్షిక నివేదికలో ఎలా చూపించాలో మీరే ఆలోచించండి. మధ్యాహ్నం చర్చకు బడ్జెట్ పేజీ తీసుకురండి, జీతాల దగ్గర మొదలుపెడదాం.