బొమ్మల సినిమాలలో మన ఆడపిల్లలు

(సునాబెడ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట బొమ్మల సినిమాల గోల ఎందుకని కొందరికి తోచవచ్చును. ఇక్కడ మన పిల్లలు బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు నేర్చుకొంటారు. తెలుగు ఇంట్లోనే వినవలె. ఒకప్పుడు అమ్మమ్మ కథల వల్ల ఆ ముచ్చట తీరేది. ఇప్పుడు అమ్మమ్మలు పార్వతీపురంలోనో శ్రీకాకుళంలోనో ఉండిపోయారు. కథ చెప్పే పనిని టెలివిజను పుచ్చుకొన్నది. కథతోపాటు ఆడవారెవరు, మగవారెవరు, ఎవరి పని ఏది అన్నది కూడా అదే నేర్పుతున్నది.

ముందు మన హైదరాబాదు సరుకునే చూద్దాము. 2008లో మొదలైన ఛోటా భీమ్ అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థవారు తయారుచేసినదే. సాటి తెలుగువారి పనితనం దేశమంతటా పిల్లల నోళ్ళలో నానుతున్నదంటే మనకు గర్వకారణమే. అయితే ఢోలక్‌పూర్‌లో పని పంపకం ఎట్లా ఉన్నది? కష్టం వస్తే భీముడు లడ్డు తిని, బలం పుంజుకొని శత్రువును చితకగొడతాడు. ఆ లడ్డులు చేసేది టున్‌టున్ పిన్నమ్మ. ఆవిడ కూతురు చుట్కీ తెలివిగలది, ధైర్యస్థురాలు, అది ఒప్పుకోవలె. కాని కథ పేరూ భీముడిదే, గెలుపూ భీముడిదే.

2020లో ఒక తమాషా జరిగింది. భీముడు రాకుమారి ఇందుమతిని పెండ్లాడాడని పుకారు పుట్టి, చుట్కీకి న్యాయం కావాలని ట్విట్టరులో పెద్దవాళ్ళే గోల చేశారు. వీళ్ళింకా పసిపిల్లలు, ఎవరికీ పెండ్లి కాలేదు మొర్రో అని సంస్థవారు ప్రకటన చేయవలసి వచ్చింది. మేమూ నవ్వుకొన్నాము. కాని ఆడపిల్లకు న్యాయమంటే పెండ్లే అని అంతమందికి తోచడం మాకు నవ్వులాటగా లేదు.

విదేశాల మాటకు వస్తే, 1937 నాటి డిస్నీ వారి స్నోవైట్ ఏడుగురు మరుగుజ్జుల ఇల్లు ఊడ్చి వంట చేస్తుంది. అది పాతకాలం, ఇప్పుడు మారిపోయిందనుకొంటాము. కార్మెన్ ఫాట్, కారెన్ ఐసెన్‌హవర్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు ఈ రాకుమార్తెల చిత్రాలలో ఎవరు ఎంత మాట్లాడారో లెక్కగట్టి 2016లో బయటపెట్టారు. 1950 నాటి సిండరెల్లాలో ఆడవారి మాటలు నూటికి 60. 1989 నాటి లిటిల్ మెర్మెయిడ్‌లో 32. 1992లో వచ్చిన అలాద్దీన్‌లో 10! 1998 నాటి ములాన్‌లో కత్తి పట్టి దేశాన్ని కాపాడేది ఆడపిల్లే, అయినా ఆడవారి వాటా 23. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నాయిక ఒక్కతే ఆడది. ఆమె చుట్టూ ఉండే సేవకుడు, దుకాణదారు, భటుడు, హాస్యగాడు, చివరకు మాట్లాడే చిలుక కూడా మగవారే.

2013లో వచ్చిన ఫ్రోజెన్ నయం. అందులో అక్కాచెల్లెళ్ళ ప్రేమే కథ నడుపుతుంది. దర్శకులిద్దరిలో జెన్నిఫర్ లీ ఒకరు. 2019లో దాని రెండవ భాగం తెలుగులో వచ్చినప్పుడు ఎల్సాకు నిత్యా మీనన్, చిన్ననాటి ఎల్సాకు మహేశ్ బాబు గారి అమ్మాయి సితార గొంతునిచ్చారు. మన పిల్లలు సంబరపడి చూశారు. అయితే ఆ మొదటి ఫ్రోజెన్‌లోనూ మాటలలో నూటికి 59 మగవారివే.

ఇంతకీ ఇదంతా తెరమీదనే ఉండిపోతే బాధ లేదు. మొన్న పిల్లల వేషాల పోటీలో ఒక పాప గద కావాలని పేచీ పెట్టింది. “గద అబ్బాయిలదమ్మా!” అని ఎవరో దాని చేతిలో లడ్డుల పళ్ళెం పెట్టారు. పాప ఏడ్వలేదు. పళ్ళెం పట్టుకొని బుద్ధిగా నిలబడింది. ఏడ్చి ఉంటేనే బాగుండేదని మాకు అనిపించింది. నరకాసురుడిపై విల్లెత్తిన సత్యభామ కథ చెప్పుకొని ఏటేటా దీపావళి చేసుకొనే జాతి మనది. గద ఆ పాపకు బరువైపోయిందా?

సినిమాలు మాన్పించమని మేము చెప్పడం లేదు. మాన్పించినా మానరు. పక్కన కూర్చుని చూడండి. మధ్యలో ఆపి, “ఇక్కడ చుట్కీ అయితే ఏం చేసును?” అని తెలుగులో అడగండి. వాళ్ళు అల్లే కథలు భలేగా ఉంటాయి, తెలుగు మాట్లాడించినట్లూ అవుతుంది. మగపిల్లలనూ అడగండి, లడ్డు చుట్టడం వారికీ సరదాయే.

ఇంకొక్క మాట. మేమిక్కడ ఆడవారిని గురించి మాట్లాడుతున్నాము గాని, పందిరి వెనుక పులిహోర కలుపుతున్న తల్లులెవ్వరూ ఇది వినడం లేదు. వచ్చే ఉగాదికి పులిహోర కలపడానికి మగవారి పేర్లు కొన్ని వ్రాసుకోవలెనని కార్యవర్గానికి మనవి. పిల్లల నాటిక వ్రాసేవారు ఆడపిల్లల పాత్రలకు ఎన్ని మాటలు వచ్చినవో ఒకసారి లెక్కపెట్టవలె. గద సంగతి కూడా అప్పుడే తేల్చాలి.