వెండి టంకం, సరాఫు కొలిమి
(మెదక్ సీమలో బహమనీ నాణేలపై స్మారకోపన్యాసం)

టంకం సుమారు 11 గ్రాముల వెండి నాణెం. ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ 13వ శతాబ్దంలో ఈ తూకాన్ని స్థిరపరిచాడు. 1347లో గుల్బర్గాలో బహమనీ రాజ్యం ఏర్పడ్డాక దక్కనులోనూ ఇదే తూకం నడిచింది. ఆ రాజ్యపు రెండో రాజధాని బీదరు మెదక్‌కు పడమటి దిక్కున ఉంది.

అంతకుముందు, కాకతీయుల కాలంలో, ఇక్కడి పెద్ద లెక్కలన్నీ బంగారంలోనే. శాసనాల్లో కనిపించేవి గద్యాణాలు, మాడలు. దక్కనులో చెప్పుకోదగ్గ వెండి గనులు లేవు కనుక టంకానికి కావలసిన వెండి బయటినుంచి రావలసిందే.

విలువైన లోహం లేకుండా డబ్బు నడపాలని చూసినవారూ ఉన్నారు. పర్షియాను ఏలిన మంగోలు ఖాను గైఖాతు, చైనా మంగోలుల పద్ధతి చూసి 1294లో తబ్రీజులో కాగితపు డబ్బు దించాడు. బజార్లు మూతపడ్డాయి. రెండు మూడు నెలల్లోనే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తర్వాత వచ్చిన గాజాన్ ఖాను సుమారు 2 గ్రాముల వెండి దిర్హాన్ని నిలబెట్టాడు. ఆరు దిర్హాలు ఒక దీనారు. 1329-30లో ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ టంకం విలువకు ఇత్తడి, రాగి నాణేలు కొట్టించాడు. కాకతీయుల ఓరుగల్లు అప్పటికి సుల్తాన్‌పూర్ పేరుతో అతని ఏలుబడిలో ఉంది. దొంగ నాణేలు పోటెత్తడంతో ఖజానా వాటికి బదులు వెండి బంగారాలు ఇచ్చుకుంది.

బహమనీ టంకం మీద బొమ్మ ఉండదు. అరబ్బీ లిపిలో సుల్తాను పేరు, బిరుదులు, టంకసాల, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. నాణేలపై గుల్బర్గా పేరు అహ్సనాబాద్, బీదరు పేరు ముహమ్మదాబాద్. హిజ్రీ చాంద్రమానం కనుక ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. హిజ్రీ 760 అంటే 1358 డిసెంబరు నుంచి 1359 నవంబరు దాకా. మంగోలు ఖానులు అరబ్బీతోపాటు తమ ఉయిగుర్ లిపినీ నాణేలపై చెక్కించారు. టంకంపై మాత్రం తెలుగు అక్షరం లేదు. రైతుకు తెలిసినవి దాని తూకం, మోత మాత్రమే.

కాగితం, ఇత్తడి విలువైన లోహం లేక చెడితే, టంకానికి మేలైన లోహమే ముప్పయింది. విజయనగర, తెలంగాణ రాజుల ప్రోద్బలంతో సరాఫులు (నాణేలు మార్చే వ్యాపారులు) బహమనీ నాణేలను కరిగించారనీ, 1360లో బహమనీ సుల్తాను మొదటి ముహమ్మద్ షా వారిని చంపించాడనీ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు.

తర్వాత గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు తమ పేరున రాగి నాణేలే కొట్టించారు. పెద్ద లావాదేవీలు బంగారు హొన్నుల్లో జరిగేవి. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక టంకానికి దగ్గరి తూకంతో రూపాయి వచ్చింది.

కొలిమి తప్పించుకున్న టంకాలు మిగిలింది ఎక్కువగా మట్టికుండల్లోనే. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. నాగలికి తగిలిన కుండను సరాఫుకు అమ్మితే దక్కేది వెండి ధరే. ఏ ఊళ్లో, ఏ చేలో, ఏ నాణేల సరసన దొరికిందన్న సమాచారం వెండితోపాటే కరిగిపోతుంది.