కన్నదిరితే శకునం, పిక్క అదిరితే భయం

(జగిత్యాలలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీడీ కార్మికుల ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు నన్ను. నడుము నొప్పి గురించి, దగ్గు గురించి, చూపు మందగించడం గురించి చాలా సభల్లో చెప్పుకున్నాం. ఈ రోజు మైకు ముందు ఎన్నడూ చెప్పుకోని సంగతి చెప్తాను. అది భయం. ముందు నా తప్పుతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కింద కోరుట్లలో బీడీలు చేసే ఒక చెల్లె మా ఆఫీసుకు వచ్చింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, అప్పు ఇంటి మీద ఉంది. "అక్కా, పిక్కల పురుగు పారినట్టు అదురుతున్నది. రాత్రంతా గదే. నరాలు సచ్చిపోతున్నయేమో" అన్నది. నేను పీఎఫ్ దరఖాస్తులు రాస్తున్నాను. తల ఎత్తకుండానే "ఏం గాదు, మనసుల పెట్టుకోకు" అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, మెడలో గొలుసు కుదువబెట్టి కరీంనగర్ పోయి స్కానింగ్ తీయించుకుందని. రిపోర్టులో ఏమీ లేదు. భయం మాత్రం పోలేదు.

రెండేళ్లకు అదే నాకు వచ్చింది. అమ్మ మంచాన పడి ఉంది. రాత్రుళ్లు జాగారం, పొద్దంతా టీలు. ఒకరోజు పిక్క అదరడం మొదలైంది. తర్వాత బొటనవేలు, తర్వాత కనురెప్ప. ఆడవాళ్లకు ఎడమ కన్నదిరితే మేలు, కుడి కన్నదిరితే కీడు అని చిన్నప్పటి నుంచి విన్నాం. కన్నదిరితే శకునం అనుకుంటాం గాని జబ్బు అనుకోం. పిక్క అదిరితే చెప్పే శకునం లేదు. అక్కడ భయం వచ్చి కూర్చుంటుంది.

చక్రాల కుర్చీలో ఉండే శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ బొమ్మ మీరంతా చూసే ఉంటారు. 21 ఏళ్ల వయసులో, 1963లో, ఆయనకు మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్నట్టు తేలింది. కండరాలను నడిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. నాకు అదే వచ్చిందనుకున్నాను. పొద్దున లేవగానే మడమల మీద నడిచి చూసుకునేదాన్ని. ఎప్పుడో మానేసిన చాట అటక మీది నుంచి దించి, వేళ్లు పనిచేస్తున్నాయా లేదా అని ఇరవై బీడీలు చుట్టి చూసుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. పది మందికి ధైర్యం చెప్పే మనిషికి ఇదేం రోగం అంటారని సిగ్గు.

ఒక ఆర్‌ఎంపీ "నరాల బలహీనత" అని గ్లూకోజు ఎక్కించాడు, బలం సూదులు వేశాడు. ఇంకొక డాక్టరు "ఈ వయసులో ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే" అని నవ్వాడు. మూడో ఆయన నా మాట పూర్తి కాకముందే స్కానింగ్ రాశాడు. ముగ్గురిలో ఒక్కరూ నా కాలు చూడలేదు. నాలుగోసారి చూసిన డాక్టరమ్మ చెప్పులు విడవమంది. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది, మడమల మీద నడిపించింది, నా పాదాన్ని తన చేతికి ఎదురు నెట్టమంది. "బలం తగ్గలేదు, కండ కరగలేదు. ఇది ఆ జబ్బు కాదు" అని చెప్పింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది. ఆ రాత్రి నిద్రపోయాను. నాలుగో రోజుకు భయం మళ్లీ వచ్చింది. "డాక్టరమ్మ సరిగా చూసిందా?" అని మొదలైంది.

అప్పుడు అర్థమైంది, అదురు ఒకటి, భయం ఇంకొకటి అని. రెంటినీ విడివిడిగా చూడాలి.

ముందు అదురు సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కనురెప్ప, పిక్క, బొటనవేలు అదరడం మామూలే. నిద్ర లేకపోయినా, టీ కాఫీలు ఎక్కువైనా, ఒళ్లు అలిసినా, మనసు కలత పడినా అదురుతాయి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నా, కాల్షియం తగ్గినా, కొన్ని మందుల వల్లా రావచ్చు. వీటికి రక్తపరీక్ష చాలు. మోటార్ న్యూరాన్ జబ్బు చాలా అరుదు, ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి వచ్చేది. అందులో అదురుతో పాటు బలం తగ్గుతుంది, కండ కరుగుతుంది. పరీక్షలో వేరే ఏ దోషం లేకుండా ఉత్త అదురు మాత్రమే ఉన్న 121 మందిని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు ఏళ్ల తరబడి గమనించి 1993లో ప్రకటించారు. ఒక్కరికి కూడా ఆ జబ్బు రాలేదు.

అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. చేతిలో చెంబు జారుతున్నా, కాలి చెప్పు తెలియకుండా ఊడిపోతున్నా, పాదం ఈడ్చుకుపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, నీళ్లు మింగితే పొలమారుతున్నా, కండ సన్నబడుతున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఇక భయం సంగతి. అది ఉత్తుత్తిది కాదు. భయపడితే నిద్ర పోతుంది, నిద్ర పోతే అదురు పెరుగుతుంది, అదురు పెరిగితే భయం పెరుగుతుంది. పది సార్లు తడిమి చూసుకుంటే పదకొండోసారి తడమాలనిపిస్తుంది. ప్రతి కొత్త స్కానింగ్ నాలుగు రోజుల ధైర్యమే ఇస్తుంది. దీనికి వైద్యం ఉంది. సరైన కౌన్సెలింగ్, అవసరమైతే మందులు. నాకు కౌన్సెలింగ్‌తోనే తగ్గింది. తడిమి చూసుకోవడం రోజుకు ఒక్కసారి చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. చాట మళ్లీ అటకెక్కించాను. అదురు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, పోతుంది.

ఈ భయం మన దగ్గర ఎందుకింత ఉందో కూడా ఆలోచించాలి. రోజుకు వెయ్యి బీడీల లెక్క తీరాలంటే తెల్లవారక ముందే లేవాలి. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో భర్త గల్ఫ్‌లో, బాధ్యతంతా ఆమె మీద. సిరిసిల్లలో మగ్గం మీద బతుకు తెల్లారక ఆత్మహత్య చేసుకున్న నేత కార్మికుల ఇళ్లలో అప్పు భార్యలకు మిగిలింది. నేను పడిపోతే ఈ ఇల్లు ఏం కావాలి అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న పిక్కలో అదురుతుంది. దాన్ని బలం సూదులుగా, స్కానింగులుగా అమ్ముకునేవాళ్లు ఉన్నారు. "ఆడవాళ్ల అనుమానం" అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. మనమూ ఆ రెండో జాబితాలో చేరొద్దు.

ఇది దయ కాదు, హక్కు. ప్రభుత్వ ఖర్చుతో మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తెచ్చిన రోగుల హక్కుల పత్రంలో జబ్బు గురించి వివరం తెలుసుకునే హక్కు, రికార్డులు పొందే హక్కు, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు ఉన్నాయి. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన ఇంకో స్త్రీ ఉండాలన్నది కూడా ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి సంఘం గోడ మీద రాయాలి.

చివరగా ఒక మాట. నా భయం తగ్గినాక కోరుట్ల చెల్లె ఇంటికి వెళ్లాను. జరిగినదంతా చెప్పి, తప్పయిందన్నాను. ఆమె చేతిలో ఆకు కత్తిరిస్తూనే "అప్పుడు నువ్వు తల లేపి ఒక్కసారి నా దిక్కు చూసినా సాలక్కా, గొలుసు మిగులు" అన్నది.

అందుకే అడుగుతున్నాను. రేపు మీ దగ్గరకు ఎవరైనా వచ్చి "అక్కా, అదురుతున్నది" అంటే కలం పక్కన పెట్టండి. కూర్చోబెట్టి వినండి. బలం ఉందో లేదో చూసే డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి. "ఏం గాదు" అనే మాట అన్నిటికన్నా చివర చెప్పండి.