టాంగ్రాలోని చీనా పూటకూటిల్లు

కలకత్తా నగరమునకు తూర్పున టాంగ్రా యను పేట కలదు. హక్కా చీనావారు తరతరములుగా నచట తోళ్లు పదును చేయుచు జీవించిరి. 1996వ సంవత్సరమున సుప్రీంకోర్టు తోళ్ల కార్ఖానాలను తరలింపవలసినదని ఉత్తరువు చేసెను. తరువాత పెక్కు కార్ఖానాలు బంటాలాకు పోయినవి. వంటపొయ్యిలు మాత్ర మచటనే నిలిచినవి.

అట్టి యొక చిన్న పూటకూటింట నేను భుజించితిని. బల్లలు పాతవి, దీపములు మసకవి. ఒకమూల సారాయి సీసాలు, ఒకమూల పిల్లలతో వచ్చిన సంసారులు. వేయించిన కోడిమాంసమును పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, సోయారసముతో కలిపి పొగలు గ్రక్కుచుండగా వడ్డించిరి. ఈ చిల్లీ చికెను మన కారపు నాలుకకై యిచటి చీనావారు కూర్చిన వంటకము, చీనాదేశపుది కాదు.

ఇంతలో పానమత్తుడొకడు బిల్లు చూచి, “ఎక్కువ వేసితివి; నీ దేశమునకు పొమ్ము” అని యజమానురాలిపై నరచెను. ఆ వృద్ధురాలు చక్కని వంగభాషలో, “నా దేశ మిదియే, నాయనా, లెక్క మరల చూతము” అని కూడి చూపెను. లెక్క సరిగనే యుండెను.

1962లో చీనాతో యుద్ధము వచ్చినపుడు మన ప్రభుత్వము సుమారు 3000 మంది చీనా సంతతివారిని రాజస్థానమునందలి దేవలీ శిబిరమున నిర్బంధించెను. వారిలో ననేకు లిచట పుట్టినవారే. పిమ్మట పలువురు కెనడా మున్నగు దేశములకు వలసపోయిరి. “పొమ్ము” అను మాట ఆ పేటలో తేలికమాట కాదు.

రుచి చాలనిచో చెప్పుడు; లెక్క తప్పినచో నడుగుడు. అది కొన్నవాని హక్కు. అన్నము పెట్టినవారిని వెళ్లగొట్టుట ఆ హక్కులో చేరదు.