అడ్రసుల పట్టిక ఎవరి చేతిలో పడుతుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేశాను కనుక, కంప్యూటర్ భద్రత గురించి ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. వైరస్‌లూ వార్మ్‌లూ అంటూ మొదలుపెడితే భోజనాల వేళకు సగంమంది నిద్రపోతారు. వాటి సంగతి చివర్లో రెండు మాటల్లో చెబుతాను. ముందు మన సంఘంలో నడుస్తున్న ఒక తగవు గురించి మాట్లాడనివ్వండి.

రాబోయే స్వర్ణోత్సవ సంచిక చివర్లో సభ్యులందరి పేరు, బ్యాచ్, పుట్టినతేదీ, పెళ్లిరోజు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పిల్లలు ఏ దేశంలో ఉన్నదీ ఒక పట్టికగా వేయాలని కమిటీ అనుకుంది. రజతోత్సవ సంచికలో అలాగే వేశాం. బాగా ఉపయోగపడింది కూడా. ఈసారి నేను వద్దన్నాను. "నీకన్నీ అనుమానాలే" అన్నారు మిత్రులు. నా అనుమానమేమిటో చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

పాతికేళ్ల కిందట ఆ పుస్తకం మహా అయితే మన బీరువాల్లో ఉండేది. ఇప్పుడు ఎవరో ఒకరు దాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపులో పెడతారు. అక్కణ్ణుంచి అది ఎక్కడెక్కడికి పోతుందో ఎవరూ ఆపలేరు. ఒక్కసారి దొంగ కళ్లతో ఆ పట్టిక చూడండి. మనిషికి అరవై దాటాయి, కొడుకు అమెరికాలో ఉన్నాడు, ఫోన్ నంబరు ఇదిగో. "అంకుల్, నేను మీ అబ్బాయి స్నేహితుణ్ణి, వాడికి యాక్సిడెంటయింది" అని ఫోన్ చేయడానికి వాడికి ఇంకేం కావాలి? పైగా పాస్‌వర్డ్ మరిచిపోతే కొన్ని వెబ్‌సైట్లు అడిగే ప్రశ్నలు గుర్తుచేసుకోండి. మీరు చదివిన మొదటి స్కూలు ఏది? మీకిష్టమైన టీచరు ఎవరు? మన సంచికకు వచ్చిన వ్యాసాల్లో సగం ఆ రెండో ప్రశ్నకు జవాబులే! అలాంటి ప్రశ్నలకు నిజం చెప్పాలని రూలేమీ లేదు. టీచరు పేరు అడిగితే "గోంగూర పచ్చడి" అని రాసుకోండి, మీకు గుర్తుంటే చాలు.

ఇదంతా ఊహ కాదు. 2018లో తెలంగాణలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను, ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. దస్తావేజులు అక్కడ పెట్టినవాళ్లు జనానికి సౌకర్యంగా ఉంటుందనే పెట్టారు. మన పట్టికా సౌకర్యం కోసమే.

ఇక మన సోషల్ మాస్టారి సంగతి. ఆయన చెప్పమన్నారు కనుకనే చెబుతున్నాను. క్రితం ఏడాది ఒకరోజు పొద్దున్నే ఆయనకు వీడియో కాల్ వచ్చింది. తెరమీద పోలీసు యూనిఫాం. "మీ పేరు మీదున్న పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కెమెరా ముందునుంచి కదలొద్దు, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పొద్దు" అన్నారు. మాస్టారు మొదట నమ్మలేదు. కానీ అవతలివాడు ఆయన పుట్టినతేదీ, రిటైరైన సంవత్సరం, అమ్మాయి ఉండే ఊరు గడగడా చదివాడు. ఆయన నమ్మింది యూనిఫాంని కాదు, ఆ వివరాలని. నాలుగు గంటలు మంచినీళ్లకు కూడా లేవలేదు. ఖాతాల తనిఖీ కోసం డబ్బు బదిలీ చేయమంటే, ఫోన్ జేబులో ఆన్‌లోనే ఉంచుకుని, ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించడానికి బ్యాంకుకు వెళ్లారు. కౌంటర్లో ఉన్నది మన స్కూలు అమ్మాయే. ఎప్పుడూ పేరుపెట్టి పలకరించే మాస్టారు ఆరోజు తలెత్తకపోయేసరికి, ఓచరు వెనక "ఎవరైనా బెదిరిస్తున్నారా?" అని రాసి చూపించింది. ఆయన తలూపారు. ఫోన్ తీసుకుని కట్ చేసింది. అరెస్టు అంతటితో అయిపోయింది.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. పోలీసులు గానీ సీబీఐ గానీ వీడియో కాల్‌లో ఎవర్నీ అరెస్టు చేయరు, తనిఖీ కోసం డబ్బు పంపమనరు. 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రే ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది. "చదువుకున్నవాళ్లు కూడా ఎలా నమ్ముతారో" అని కొందరు నవ్వుతారు. నాకా మాట నచ్చదు. చట్టమంటే భయం, పరువంటే పట్టింపు ఉన్నవాళ్లే ఈ వలకు దొరుకుతారు. మనం నవ్వితే రేపు మోసపోయినవాళ్లు నోరు విప్పరు. అక్కడే అసలు నష్టం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, అది ఖాతాలు మారుతుండగానే ఆపించే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు ఊరుకుంటే ఆ అవకాశం పోయినట్టే.

మన బ్యాచ్ గ్రూపుల్లో జరిగేది ఇంకో రకం. స్నేహితుడి నంబరు నుంచే మెసేజ్ వస్తుంది: "పొరపాటున నీకు ఆరంకెల నంబరు వచ్చింది, కాస్త పంపు." అది మీ వాట్సాప్‌ని ఇంకో ఫోన్లో తెరిచే తాళంచెవి. పంపితే, మర్నాడు మీ పేరుతో "హాస్పిటల్లో ఉన్నాను, ఇరవై వేలు కావాలి" అని అందరికీ వెళుతుంది. మనవాళ్లు పంపేస్తారు కూడా, ఎందుకంటే మంచివాళ్లు. డబ్బడిగితే మెసేజ్‌కి జవాబివ్వకుండా ఫోన్ చేసి గొంతు వినండి. గొంతు మీదా అనుమానమొస్తే, మనం బెంచీ మీద ఎందుకు నిలబడ్డామో అడగండి. అది ఏ పట్టికలోనూ ఉండదు. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు వస్తే నొక్కొద్దు. శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, యాప్‌గా రాదు.

వైరస్‌ల మాట. 2017 మేలో వన్నాక్రై సుమారు 150 దేశాల్లో కంప్యూటర్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. మన స్కూలు ఆఫీసులో పాత పదో తరగతి రికార్డులన్నీ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి. దాంట్లో ఉన్నది విండోస్ 10. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. శిలాఫలకం కన్నా ముందు సంఘం తరఫున రెండు హార్డ్ డిస్కులు కొనిద్దాం. వారానికోసారి రికార్డులు కాపీచేసి, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది.

పట్టిక విషయంలో నా ప్రతిపాదన ఇది. పేరు, బ్యాచ్, ఊరు మాత్రం అచ్చువేద్దాం. ఫోన్ నంబర్లు బ్యాచ్ ప్రతినిధి దగ్గర ఉంటాయి. ఎవరైనా అడిగితే, అవతలివాళ్ల అనుమతి తీసుకుని ఇస్తారు. పుట్టినరోజుకు తేదీ, నెల చాలు. సంవత్సరం వేయకపోతే సంతోషించేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

భోజనాలయ్యాక పదో తరగతి బి సెక్షన్ గదిలో నేనూ, 2012 బ్యాచ్ కుర్రాళ్లు ముగ్గురూ కూర్చుంటాం. వాట్సాప్‌కి టూ స్టెప్ పిన్ పెట్టుకోవాలన్నా, ఆధార్ వేలిముద్రలు లాక్ చేసుకోవాలన్నా ఫోన్ పట్టుకుని రండి. పిన్ మాత్రం మీరే నొక్కాలి. మేం అటు తిరిగి నిలబడతాం.