అభిప్రాయం టీ కొట్టు కాడే ఆగిపోతే ఎట్లా?

(అర్ధవీడులో చెంచు యువతతో కూర్చుని మాట్లాడిన మాటల పాఠం)



ఈ రోజు చట్టం క్లాసు చెప్పమని నన్ను పిలవలేదు. "అన్నా, సినిమాల గురించి, వార్తల గురించి, గవర్నమెంటు స్కీముల గురించి నువ్వేమనుకుంటున్నావో ఊరికే మాట్లాడు" అన్నారు. మంచిదే. సాయంత్రం టీ కొట్టు కాడ మన పిల్లలు మాట్లాడుకునేవి ఈ మూడే గదా. నాకు తోచింది చెప్తాను. నచ్చకపోతే మధ్యలోనే ఆపి అడగండి.

ఒక మాట ముందే చెప్పేస్తా. సినిమాలో, పేపర్లో, స్కీములో, మూడింట్లోనూ అడవి బాగానే కనిపిస్తది. అడవిలో ఉండే మనిషి మాత్రం ఎవరో రాసిచ్చినట్టు కనిపిస్తాడు. అందుకే మన అభిప్రాయం మనమే చెప్పాలి. ఎవరి ముందు చెప్తున్నామన్నది కూడా చూసుకోవాలి.

సినిమాతో మొదలుపెడదాం.

మన పేరు మీద వచ్చిన పాత సినిమా 'చెంచులక్ష్మి'. 1958లో బి.ఎ. సుబ్బారావు తీశాడు, అక్కినేని, అంజలీదేవి వేశారు. మీ అవ్వలను, తాతలను అడగండి, చూసినవాళ్లు ఉంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచుపిల్లను పెళ్లాడిన కథ అది. ఆ లెక్కన స్వామి మనకు అల్లుడు. సంక్రాంతికి మొదలయ్యే పారువేటలో చెంచులు స్వామి పల్లకీకి విల్లంబులతో మర్యాద చేస్తారు. అటు శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకుంటాం. ఇంత బంధుత్వం ఉంది. కానీ అల్లుడికేమో కొండ మీద గుడి, మామకేమో తేనెకు పోవాలంటే చెక్‌పోస్టు దగ్గర ప్రశ్నలు. కథలో దొరికిన మర్యాద కాగితం మీద ఎందుకు దొరకలేదు? ఆ పాత సినిమా పేరు విన్నప్పుడల్లా నాకు వచ్చే ప్రశ్న ఇదే.

ఇప్పటి సినిమాలకొద్దాం. 'ఆర్ఆర్ఆర్' 2022లో వచ్చింది. పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఎన్టీఆర్ బాగా చేశాడు, నేను కాదనను. అది కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు, దానికీ తగాదా లేదు. నా బాధ చివరి సీను దగ్గర. నీకేం కావాలని రామ్ అడిగితే, మా వాళ్లకు చదువు కావాలంటాడు భీమ్. అప్పుడు రామ్ జెండా మీద 'జల్, జంగల్, జమీన్' అని రాసిస్తాడు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ మాట ఎవరిది? నిజాం సర్కారు మీద పోరాడి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కుమ్రం భీమ్ పోరాటంతో నిలిచిపోయిన మాట. భీమ్ మాటను భీమ్‌కే ఇంకొకరు పాఠంగా రాసిస్తే చప్పట్లు కొట్టాం. మనకు చదువు కావాలి, నిజమే. మన మాట మనకు ముందే తెలుసు అన్నది కూడా నిజమే.

తర్వాత 'పుష్ప'. కథ శేషాచలం ఎర్రచందనానిది, చాలా షూటింగ్ చేసింది మారేడుమిల్లిలో. రెండూ అడవులే. మన పిల్లలు ఆ నడక నడుస్తారు, గడ్డం కింద చెయ్యి పెట్టి ఫొటోలు దిగుతారు. దిగనీయండి, వయసు అట్లాంటిది. కానీ 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవిలో, చంద్రగిరి దగ్గర, తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. చెట్లు కొట్టే కూలికి వచ్చారని చెప్పారు. అందులో జవ్వాది కొండల ఆదివాసీలు కూడా ఉన్నారు. తెర మీద కూలివాడు సిండికేటుకు రాజవుతాడు. అడవిలో కూలివాడు శవమై ఊరికి పోతాడు. ఎర్రచందనం మన గిద్దలూరు వైపు అడవుల్లోనూ ఉంది. ఎవడన్నా వచ్చి "ఒక్క రాత్రి దారి చూపియ్యి, ఇంత ఇస్తా" అంటే ఆ 20 మందిని గుర్తు తెచ్చుకోండి తమ్ముళ్లారా. దారి చూపినవాడి పేరే కేసులో మొదట ఉంటది.

నాకు నచ్చింది 'జై భీమ్'. 2021లో వచ్చింది, తెలుగులోనూ ఉంది. అందులో కూడా హీరో వకీలే. అయినా కథను నడిపేది కడుపుతో ఉన్న ఆ ఇరుల ఆడమనిషి. మొగుణ్ని పోలీసులు ఏం చేశారో చెప్పమని ఆమె వేసిన ఒక్క పిటిషన్ స్టేషన్ను కోర్టుకు రప్పించింది. డబ్బిచ్చి రాజీ పడమన్నా ఆమె పడలేదు. ఆ ఒక్క కాగితం బలం ఎంతో ఆ సినిమాలో చూడొచ్చు.

ఇప్పుడు వార్తలు.

మన మీద వార్త ఎప్పుడొస్తది? జ్వరాలొస్తే, పురుగుమందు తాగితే, ఎన్నికలొస్తే. మిగతా రోజుల్లో నల్లమల అంటే పులి బొమ్మే. పులి మీద నాకు కోపం లేదు. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఆ పులుల అడుగులు చూసి లెక్క చెప్పేవాళ్లలో, మంట వస్తే ముందు ఉరికేవాళ్లలో మన చెంచులే ఉన్నారు. పులి బతికిందంటే అందులో మన కాళ్ల కష్టం ఉంది.

కానీ 2024 జూన్‌లో ఢిల్లీ నుంచి జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. పులుల అడవుల లోపలి భాగంలో దేశమంతా ఇంకా 591 ఊళ్లున్నాయి, 64,801 కుటుంబాలున్నాయి, వాళ్లను బయటికి తరలించే పని తొందరగా చెయ్యండని దాని సారాంశం. ఇది మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంతమంది చదివారు? సినిమా ట్రైలర్‌కు వచ్చినన్ని షేర్లలో పదో వంతు కూడా దీనికి రాలేదని నా అనుమానం.

భయపడాల్సిన పని లేదు, తెలుసుకోవాల్సిన పని ఉంది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 4(2) ఏం చెప్తది? ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. మనుషులు, జంతువులు కలిసి బతకడం కుదరదని తేలాలి. ఆ తర్వాత కూడా గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వన్యప్రాణి చట్టంలో కూడా పులుల అడవులకు ఇట్లాంటి రక్షణే పెట్టారు. ఎవరో అధికారి గూడేనికొచ్చి "ప్యాకేజీ తీసుకోండి, మంచిది" అంటే అది ఆయన అభిప్రాయం. ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది గ్రామసభ తేల్చాలి.

ఇక స్కీములు, పాలసీలు.

మన పిల్లలు జీవో 3 మీద పోస్టులు పెడతారు, 1/70 మీద పెడతారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసినప్పుడు ఏజెన్సీ ఆదివాసీ పిల్లల టీచరు ఉద్యోగాలకు పెద్ద దెబ్బ తగిలింది. అరకు, పాడేరు, రంపచోడవరం వాళ్లతో మనం నిలబడాలి. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. అవి షెడ్యూల్డ్ ప్రాంతాలకు సంబంధించినవి. కృష్ణ అవతల అమ్రాబాద్ చెంచులు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నారు. ఇవతల మనం లేము. 1/70 గానీ, పెసా గానీ అర్ధవీడుకు, యర్రగొండపాలేనికి, దోర్నాలకు వర్తించవు. ఒకే జాతి, ఒకే నల్లమల, నది దాటితే చట్టం మారిపోయింది. మన ప్రాంతాన్ని కూడా షెడ్యూలులో చేర్చాలన్నది న్యాయమైన కోరిక. అది జరిగేదాకా మన చేతిలో ఉన్న గట్టి ఆయుధం అటవీ హక్కుల చట్టమే. దానికి షెడ్యూల్డ్ ప్రాంతం అన్న షరతు లేదు.

ప్రధానమంత్రి జన్‌మన్ పథకం 2023 నవంబర్ 15న, బిర్సా ముండా జయంతి నాడు మొదలైంది. దేశంలో 75 బలహీన ఆదివాసీ తెగలకు సుమారు 24 వేల కోట్లు అన్నారు. అందులో చెంచులం ఉన్నాం. ఇల్లు, రోడ్డు, నీళ్లు, సెల్ టవర్, అంగన్‌వాడీ అన్నీ ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, తీసుకోవాల్సిందే, అది మన హక్కు. కానీ ఇంటికిచ్చే లెక్క రోడ్డు పక్క ఊరికీ, లోపలి గూడేనికీ ఒకటే అయితే ఎట్లా సరిపోతది? ఇసుక, సిమెంటు ట్రాక్టరు మీద అడవిలోకి చేర్చేసరికే సగం డబ్బు కరిగిపోద్ది. అప్పుడు గోడలు లేచి పైకప్పు ఆగిపోతే "చెంచులు ఇల్లు కట్టుకోరండీ" అని మళ్లీ మన మీదే మాట.

ఇల్లు నాలుగు గోడలైతే, మనకు అడవంతా ఇల్లే. చట్టానికి కూడా ఆ సంగతి తెలుసు. సెక్షన్ 3(1)(ఇ)లో మనలాంటి తెగలకు 'ఆవాస హక్కు' అని పెట్టారు. ఏ ఇంటిపేరు వాళ్లు ఏ కొండ దాకా తేనె తీస్తారు, ఏ చెలమ ఎవరిది, దేవుడి బండ యాడుంది, జిగురు చెట్లు యాడున్నాయి, ఇదంతా కలిపి మన ఆవాసం. మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లాలో బైగాలు దేశంలో మొట్టమొదట ఈ హక్కు సాధించారు. 2023లో ఛత్తీస్‌గఢ్ ధమ్తరి జిల్లాలో కమార్లకు వచ్చింది. చెంచులకు ఎందుకు రాకూడదు? మన పేరు 1975-76లోనే ప్రత్యేక తెగల జాబితాలో చేరింది. హైమెండార్ఫ్ 1943లోనే చెంచుల మీద పుస్తకం అచ్చు వేశాడు, అందులో గుంపుల అడవి హద్దుల సంగతి కూడా రాశాడు. బయటివాడు రాసింది సాక్ష్యమైతే, మన తాత చెప్పేది కూడా సాక్ష్యమే. చట్టం కింద వచ్చిన నియమాల్లో, పెద్దల వాంగ్మూలం రాతలో పెడితే సాక్ష్యంగా తీసుకోవాలని స్పష్టంగా ఉంది.

కొత్త జిల్లా గురించి అందరూ అడుగుతున్నారు. 1970లో కర్నూలు నుంచి మనల్ని ఒంగోలు వైపు కలిపారు. ఇప్పుడు మార్కాపురం జిల్లా అంటున్నారు. సంబరాలు బాగున్నాయి, కలెక్టరాఫీసు దగ్గరైతే బస్సు చార్జీ తగ్గుతది. నాకు అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. అటవీ హక్కుల జిల్లా కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే. మనలాంటి తెగల ఆవాస హక్కుల క్లెయిములు వేయించే బాధ్యత ఆ కమిటీ మీదే పెట్టారు. ఒంగోలు దూరమని ఇన్నాళ్లు మనమూ పోలేదు, వాళ్లూ రాలేదు. దగ్గరైన ఆఫీసుకు చెంచుల నుంచి మొదట చేరే కాగితం ఇదే కావాలని నా కోరిక.

జనగణన కూడా వస్తాంది. 2027 మార్చి 1 నాటి లెక్క, ఈసారి కులం కూడా రాస్తారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మనం 64 వేల పైచిలుకు. లెక్క రాసేవాళ్లు రోడ్డు దగ్గరి ఇళ్లతోనే ఆగిపోకుండా మీరు లోపలి గూడేలకు తోడు పోండి. 'ఎస్టీ' అని ఊరుకోకుండా 'చెంచు' అని రాయించండి. లెక్కలో లేని మనిషికి స్కీములో వాటా రాదు.

ఇంతకూ చేయాల్సిందేంది?

మీ గూడెం పేరు పంచాయతీ జాబితాలో ఉందా చూడండి. రికార్డుకెక్కని పాత గూడెం కూడా ఈ చట్టం లెక్కలో గ్రామమే. అటవీ హక్కుల కమిటీ ఉందా, ఉంటే అందులో ఎవరున్నారో అడగండి. పది నుంచి పదిహేను మంది ఉండాలి, మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడింట ఒక వంతు ఆడవాళ్లు. సభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు కావాలి. మగపిల్లలు మాత్రమే వచ్చి సంతకాలు పెడితే ఆ తీర్మానం నిలవదు. మీ అక్కను, అమ్మను, అవ్వను ముందు కూర్చోబెట్టండి.

రీల్స్ తీసే ఫోన్ ఉంది గదా, దాంతోనే ముసలివాళ్ల మాటలు రికార్డు చెయ్యండి. ఏ వాగు దాకా పోయేవాళ్లు, ఏ చెట్టుకు ఏ పేరు, అన్నీ. తర్వాత కూర్చుని రాయండి, వాళ్లకు చదివి వినిపించండి, వేలిముద్ర తీసుకోండి. రికార్డు చేసే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఒక ముసలాయన పోతే ఒక కొండ హద్దు పోయినట్టే. ఈ పనికి వాయిదా వెయ్యొద్దు.

సినిమా బాగుందో లేదో టీ కొట్టు కాడ తేల్చుకోండి, నేనూ వచ్చి కూర్చుంటా. ఈ అడవి ఎవరిది, ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్న అభిప్రాయం మాత్రం గ్రామసభ పుస్తకంలో రాయండి. టీ కొట్టు కాడ అన్నదాన్ని ఎవరైనా మర్చిపోవచ్చు. తీర్మానంగా రాసి సంతకాలు పెట్టినదానికి ఎవరైనా జవాబు చెప్పి తీరాల్సిందే.

జల్, జంగల్, జమీన్. జోహార్.