ఫొటోలో ఏది విషయం, ఏది అడ్డం?

(పెద్ద అంబర్‌పేట్‌లో యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల ఇంటింటికీ ఫోన్ ఉన్నది, ఫోన్‌లో కెమెరా ఉన్నది. వాడలో ఏం జరిగినా పది మంది ఫొటోలు తీస్తున్నరు. కానీ అధికారి ముందట పెట్టి నిలదీయడానికి పనికొచ్చేది వాటిల్లో ఒక్కటి కూడా దొరకదు. ఎందుకంటే ఫొటోలో అన్నీ పడతయి, అసలు సంగతి కనపడదు.

ఫొటో నేర్పేవాళ్లు మొదట చెప్పే మాట ఒకటున్నది. ఫొటోకు ఒకటే విషయం ఉండాలె, తక్కినదంతా అడ్డం, దాన్ని తీసెయ్యాలె అంటరు. మాట మంచిదే. అయితే ఏది విషయమో, ఏది అడ్డమో తేల్చేదెవరు? కెమెరా ఎవరి చేతిలో ఉంటే వాళ్లే తేలుస్తరు. చాలా కాలం ఆ చెయ్యి మనది కాదు.

1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దిక్కు నెక్కొండ అడవికి పులివేటకు వచ్చిండు. ఆ ఫొటో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు మీద ఉన్నది. దొర, దొరసాని, కాళ్ల దగ్గర చచ్చిన పులి. ఫొటో చక్కగా కుదిరింది. కానీ ఆ కాలపు దొరల వేట అంటే డప్పులు కొట్టి, కేకలేసి, ప్రాణాలకు తెగించి పులిని తోలే మనుషులు ఉండాలె. ఆ ఫొటో కింద దొరల పేర్లే నిలిచినయి. తోలినవాళ్ల పేర్లు ఏ ఫొటో కిందా లేవు. వాళ్లు అడ్డం కింద లెక్క.

ఇంకో తీరు అన్యాయం కూడా ఉన్నది. 1876-78 కరువులో మద్రాసు రాష్ట్రం వల్లకాడయింది. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలూ అందులోనివే. హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను వరుసగా కూచోబెట్టి ఫొటోలు తీసిండు. ఇక్కడ పేదలే విషయం. అయినా వాళ్లకు పేరు లేదు, ఊరు లేదు. అదే కాలంలో దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉన్నది. ఆ సంగతి ఫొటోలో లేదు. ఆకలిని చూపించి, ఆకలి పెట్టినవాణ్ని పక్కకు తప్పించినట్టయింది.

కాబట్టి మనం తీసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలె: దీన్ని తీసేస్తే నిజం తగ్గుతదా? తగ్గకపోతే అది అడ్డం, తీసెయ్యండి. తగ్గితే అది సాక్ష్యం, ఉంచండి.

మన రోడ్ల మీదనే చూద్దాం. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించుతరు. తాళ్లు, తొడుగులు లేకుండా మురుగుకాలువలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ ఫొటోలో మనిషి తల మీద మొలిచినట్టు కనపడే కరెంటు స్తంభం అడ్డం. రెండడుగులు పక్కకు జరిగితే పోతది. ముందు నిలబడి చూసే గుంపు అడ్డం. దగ్గరకు పోతే పోతది. కానీ వెనక నిలబెట్టిన బండి నంబరు, పనిచేయిస్తున్న కాంట్రాక్టరు, ఒట్టి చేతులు, ఒట్టి కాళ్లు, పక్కనున్న దుకాణం బోర్డు మీది ఊరి పేరు, ఇవి అడ్డం కావు. ఇవి లేకపోతే ఆ ఫొటో జాలి పుట్టిస్తది గాని జవాబు చెప్పించదు.

అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టుకోవద్దు. దూరం నుంచి ఒకటి, జాగా తెలవడానికి. నడుమ నుంచి ఒకటి, ఎవరు ఏం చేస్తున్నరో తెలవడానికి. దగ్గర నుంచి ఒకటి, చేతులో, గాయమో, నంబరో కనపడడానికి. నొక్కే ముందు నాలుగు అంచులూ ఒకసారి చూడండి. ఎవరి తల తెగింది, ఏ అక్షరం సగమయింది అని.

తీసినంక అసలు ఫొటోను కత్తిరించొద్దు. నకలు తీసి దాన్నే కత్తిరించండి. కత్తిరించింది పత్రికకు, కత్తిరించనిది కోర్టుకు. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త సాక్ష్య చట్టంలో ఫోన్ ఫొటోకు ధ్రువపత్రం జతపెట్టాలె. అందుకని ఏ ఫోన్‌తో, ఏ రోజు, ఎవరు తీసిండ్రో అప్పుడే రాసిపెట్టుకోండి.

ఆఖరుగా, ఆ మ్యాన్‌హోల్‌లో ఉన్న మనిషిని అడగండి. ఫొటో బయటకొస్తే రేపు పని పోయేది ఆయనకే. మొఖం వద్దంటే వీపు వైపు నుంచి తీయండి. పేరు చెప్పమంటేనే పేరు రాయండి. ఆయన సమ్మతి అడగకుండా మనం తీస్తే, హూపర్ తీసినదానికి మనం తీసినదానికి తేడా ఏమున్నది?